సాగనంపు దరువు

సువానో రేవులో ఫీఫీ డోలు మీద చెయ్యి వేశాడంటే ఇసకలో, బొరియ అడుగున పడుకున్న పీత కూడా బయటికొచ్చి ఎవరింటికి నిప్పంటుకుందో చూసిపోయేదని చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్ళలో మొదటివాడు ఫీఫీయే. అయినా ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. పడవ బోల్తాపడినా, పొరుగూరివాళ్ళు వల కోసినా, పిల్లాడు తప్పిపోయినా అతని డోలు మోగితే చాలు, ఊరిని కాచే అసఫో దండు మొత్తం తెడ్లు పట్టుకుని రేవులో నిలబడేది. మిగతా రోజుల్లో అతను కొబ్బరిచెట్ల కింద కూచుని చిరిగిన వలలు కుట్టేవాడు.

డోలుకు రెండు దరువులు. ఒకటి పిలుపు దరువు. రెండోది సాగనంపు దరువు. పిలుపు ఎవరైనా నేర్చుకోగలరు, భయం వేస్తే చేతులు వాటంతటవే ఆ దరువు వేస్తాయి. రెండోదే కష్టం. పని అయిపోయాక, కోపాలు చల్లారక ముందే, ‘ఇక చాలు, ఇళ్ళకు పొండి’ అని చెప్పి చేతుల్లోంచి తెడ్లు దింపించాలి. ఆ దరువు వినపడందే దండువాడు ఇంటికి పోకూడదు. పిలిచినవాడే పంపాలి. అది తాతల నాటి కట్టు.

కట్టు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఫీఫీ దగ్గర ఒక కథ ఉండేది. వాళ్ళ తాత ఎజిర్ కూడా దండు డోలు వాయించినవాడే. ఒకసారి పొరుగూరివాళ్ళు వచ్చి పడ్డారని పిలుపు వేశాడు. దండు వచ్చేసరికి పొరుగూరివాళ్ళు పారిపోయారు. తాత కల్లుకుండ పక్కన ఒరిగి నిద్రపోయాడు. సాగనంపు దరువు లేదు. దండు నిలబడింది. ఎండెక్కింది. చేతిలో తెడ్డు ఉన్నవాడికి దేన్నో ఒకదాన్ని కొట్టాలనిపిస్తుంది గదా! ఒకడు కోడిని తరిమాడు. కోడి గోడెక్కింది. గోడ పడగొట్టారు. ఆ గోడ వెనక ఇంకో గోడ కనపడింది. పొద్దు వాలేసరికి వాళ్ళ సొంత వీధిలో నిలబడ్డ గోడ అన్నది లేదు. అప్పుడు తాత లేచి, కళ్ళు నులుముకుని, “అబ్బో, పెద్ద యుద్ధమే జరిగిందే! ఎవరు గెలిచారు?” అని అడిగాడట.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరికన్నా గట్టిగా నవ్వేది ఫీఫీ చెల్లెలు ఎసాబా. పొగ పొయ్యిల దగ్గర కవళ్ళ చేపలు తిరగేస్తూ, “కోడి సంగతేమైంది అన్నా? పోయినసారి మేక అన్నావుగా!” అని తగులుకునేది.

ఎసాబా చేపలు పొగబెట్టే మనిషి. మొగుడు పడవతో ఐవరీ కోస్టు వెళ్ళి, అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఆమె అతన్ని తిట్టడం కూడా మానేసింది. తెల్లారుతూనే ఎండలో చేపలు ఆరబోయడం, తరువాత పొయ్యి, ఆపైన సంత. ఏళ్ళ తరబడి ఆ ఎండా ఆ పొగా ఆమెను ఏమీ చెయ్యలేదు. అలాంటిది ఒక కవళ్ళ కాలంలో ముక్కు మీదా రెండు బుగ్గల మీదా మచ్చ లేచింది, పిట్ట రెక్కలు చాపి మొహం మీద వాలినట్టు. ఎండలోకి వెళ్తే అది ముదిరేది. తరువాత వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున్నే పిడికిలి మూసుకునేది కాదు. జుట్టు దువ్వెనకి వచ్చేది.

“పొగ పడలేదు” అన్నారు కొందరు. “మొగుడి రెండో పెళ్ళాం ఏదో చేయించింది” అన్నారు ఇంకొందరు. పక్క పొయ్యి మాన్సా అయితే, “మొహానికి సీమ క్రీములు పూస్తే ఇంతేనమ్మా” అంది. ఎసాబా ఊరుకోలేదు. “క్రీము పూస్తే నీలా తెల్లబడాలిగా వదినా. నేను నల్లబడుతున్నా. నీకు మొహానికే రెండు రంగులు, మెడ దగ్గర మూడోది!” అంది.

జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ అంపియా అని కుర్రవాడు ఉండేవాడు. ఆ తీరంలోనే పుట్టినవాడు, ఫీఫీని బాబాయ్ అని, వరస కలవకపోయినా ఎసాబాని అక్కా అని పిలిచేవాడు. అతనే రోగం పేరు చెప్పాడు. లూపస్ అన్నాడు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

“బాబాయ్, ఒంట్లో కూడా దండు ఉంటుంది. తెల్ల కణాలు. ఎక్కడైనా దెబ్బ తగిలితే అక్కడి నుంచి కబుర్లు పోతాయి, రండి రండి అని. కీమోకైన్లు అంటాం. ఆ చప్పుడు పట్టుకుని దండు వస్తుంది, పని చూస్తుంది. తరవాత ఆ కబుర్లు గాలిలో అలాగే మోగుతూ ఉండకూడదు. అందుకని వాటిని మింగేసే నోళ్ళు కొన్ని ఉంటాయి, ఒంట్లో నెత్తురు పారే దారుల గోడలకి. కబురు వాటి నోట పడితే అవి ఎవర్నీ పిలవవు. మింగేసి ఊరుకుంటాయి. అప్పుడే దండు చల్లారుతుంది. అక్క ఒంట్లో ఆ చల్లారడం లేదు. దండు సొంత ఇళ్ళే కూల్చుకుంటోంది.”

ఫీఫీ నోరు తెరిచి, ఎసాబా వైపు తిరిగాడు. “తాత ఎజిర్ కథే!”

“నా ఒంట్లో ఎవరు కల్లు తాగి పడుకున్నారో” అంది ఎసాబా.

డాక్టరు నవ్వలేదు. “కీళ్ళు సరే, మొహం సరే. దండు మూత్రపిండాల మీద పడితే మాత్రం కష్టం అక్కా. పడకుండా చూసేది ఈ పసుపు మాత్ర. దండుని అదుపులో పెడుతుంది. ఏళ్ళ తరబడి మానకుండా వేసుకోవాలి. అదొక్కటే మనకున్న దారి” అన్నాడు.

కాబట్టి సంగతి మొదటిరోజే తేటతెల్లమైంది. పసుపు మాత్ర ఉంటే మూత్రపిండాలు ఉంటాయి, అవి ఉంటే ఎసాబా ఉంటుంది.

మాత్ర మొదలుపెట్టాక ఎసాబా పిడికిలి మూసుకుంది. మూసిన పిడికిలితో అన్న వీపు మీద గుద్ది చూపించింది. మొహం మీద పిట్ట కూడా ఎగిరిపోవడానికి రెక్కలు సర్దుకుంటున్నట్టు కనిపించింది. అంతలో రక్తపరీక్ష వచ్చింది. ఈ మాత్ర వేసుకునేవాళ్ళ తెల్ల కణాలు మరీ పడిపోకుండా చూసుకోవాలట. ఇంతకన్నా తగ్గకూడదని పరీక్ష కాగితం మీదే ఒక గీత అచ్చువేసి ఉంటుంది. ఎసాబా లెక్క ఆ గీతకి కింద ఉంది.

“తెల్ల సైనికులు తక్కువైపోయారక్కా. ఈ మాత్ర ఇక వెయ్యడానికి లేదు. జ్వరం వస్తే ప్రాణం మీదికొస్తుంది. లెక్క పెరిగాక మళ్ళీ చూద్దాం” అన్నాడు అంపియా. ఆ మాట అతను భయంతోనే అన్నాడు, పొగరుతో కాదు. పుస్తకంలో అలాగే ఉంది మరి.

సైనికులు తక్కువయ్యారంటే దండు డోలు వాయించేవాడు ఏం చేస్తాడు? పిలుస్తాడు. ఫీఫీకి తెలిసిన విద్య అదొక్కటే. కొండవైపు ఊళ్ళ నుంచి చేదు బెరడు తెప్పించాడు. నెత్తురులో సైన్యాన్ని నిద్ర లేపే బెరడు అని అమ్మినామె చెప్పింది. దాన్ని కాచి పొద్దునా సాయంత్రం పట్టించాడు. కొంతొమిరె ఆకు కూర, మాల్టులో డబ్బాపాలు, మేక కాలేయం, ఎవరు ఏది మంచిదంటే అది తినిపించాడు. అన్నీ అయ్యాక ఆమె మంచం పట్టె మీద వేళ్ళతో పిలుపు దరువు వేసేవాడు. టకట, టక్కుటక, టకట.

“ఏంటన్నా ఇది?”

“పిలుస్తున్నానే. రాకేం చేస్తారు? నా దరువుకి సొరచేప గట్టెక్కి వచ్చింది ఒకసారి.”

“వచ్చి?”

“ఎవరింట్లో నిప్పు అని అడిగింది.”

ఎసాబా పడీపడీ నవ్వింది. చేదు కషాయం ముక్కులోంచి వచ్చేదాకా నవ్వింది. అలా ఆ పిలుపు వాళ్ళిద్దరికీ రోజూ ఆట అయిపోయింది. మంచం పట్టె మీద వేళ్ళు పడిన చోట నునుపు తేలింది.

లెక్క పెరగలేదు. రోగం పెరిగింది. డాక్టరు ధైర్యం చేసి కొన్నాళ్ళు సగం మాత్ర ఇచ్చాడు, పరీక్ష చూసి మళ్ళీ ఆపాడు. వాపు తగ్గించే ఇంకో మందు ఇచ్చాడు. దానితో ఎసాబా మొహం మొక్కజొన్న కెంకే ముద్దలా గుండ్రమైంది. మాన్సా చూసి, “బాగా తింటున్నావే!” అంది. ఈసారి ఎసాబా జవాబు చెప్పలేదు. అది చూసి మాన్సా భయపడి, పొయ్యి ఆర్పకుండానే వచ్చి ఆమె చేపలన్నీ తిరగేసి వెళ్ళింది.

ఎసాబా ఒకసారి డాక్టర్ని అడిగింది కూడా. “ఆ తెల్ల సైనికులు మాత్ర వేసుకున్నప్పుడూ అంతే ఉన్నారు, మానినప్పుడూ అంతే ఉన్నారు. వాళ్ళని మాత్రే తినేస్తుంటే, మానాక పెరగాలిగా, డాక్టరుగారూ?”

“కొందరిలో ఆలస్యమవుతుందక్కా” అన్నాడు అంపియా. అడిగింది ఆమె ఒక్కతే కాదు, అతనూ ఆ ప్రశ్న తనలో తను వేసుకుంటూనే ఉన్నాడు. అయితే బయట క్యూలో జ్వరంతో ఉన్న పిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడి ఉన్నారు. ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

తరువాతి కవళ్ళ కాలానికి ఎసాబా మూత్రం అల విరిగినచోట నురగలా నురగ కట్టడం మొదలైంది. పాదాలు పొంగాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉండేది. దండు చివరి గోడ దగ్గరికి చేరింది.

ఇంత జరిగాక అంపియా అక్రాలో డాక్టర్ల సభకి వెళ్ళాడు. తిరిగొచ్చిన మర్నాడే, ఎవరూ పిలవకుండా, సువానోకి వచ్చాడు. ఫీఫీ వల ముందేసుకుని కూచుని ఉంటే పక్కన ఇసకలో చతికిలబడ్డాడు. ప్యాంటు పాడైపోతుందని కూడా చూసుకోలేదు.

“బాబాయ్, నీ చెయ్యి ఇటివ్వు. రక్తం తీసుకోవాలి.”

“నాకేం రోగం?”

“అదే చూడాలి.”

అతను ఫీఫీ రక్తమూ తీశాడు. పక్కనే పేకాడుతున్న జాలర్లవీ తీశాడు. వాళ్ళు గిన్నెలు గిన్నెలే ఊడ్చేసే రాక్షసుల్లాంటివాళ్ళు, జన్మలో తుమ్మి ఎరగరు. తన రక్తం తనే తీసుకున్నాడు. రెండు రోజులాగి వచ్చి చెప్పాడు. ఇంచుమించు అందరి లెక్కా ఎసాబా లెక్కలాగే ఉంది. గీతకి కిందే. డాక్టరుది అందరికన్నా కింద.

ఫీఫీ చేతిలో సూది ఆగింది. “అంటే ఊరంతటికీ రోగమేనా?”

“ఎవరికీ లేదు.” అన్నాడు అంపియా. “కబుర్లు మింగే నోళ్ళు అన్నాను గుర్తుందా? అవి దారుల గోడలకే కాదు, చాలా దేశాలవాళ్ళకి ఎర్ర కణాల మీద కూడా ఒకరకం నోరు ఉంటుంది. మనకి ఉండదు. ఎప్పుడో ఆ నోట్లోంచే ఒకరకం మలేరియా లోపలికి దూరేదట. మన ముత్తాతల ముత్తాతల నెత్తురు ఆ నోరు మూసేసుకుంది. మంచి పనే చేసింది. అయితే ఆ నోరు లేనివాళ్ళ తెల్ల కణాలు నెత్తుర్లో తక్కువ కనపడతాయి. తక్కువని కాదు. ఉన్నాయి, పుడుతున్నాయి, పిలిస్తే వస్తాయి. నెత్తుర్లో కాకుండా ఇంకెక్కడో ఉంటాయి, అంతే. మనం సూదితో తీసేది నెత్తురొక్కటే గదా!”

“మరి ఆ కాగితం మీద గీత?”

“ఆ నోరు ఉన్నవాళ్ళ నెత్తురు చూసి గీసింది.”

అది మంగళవారం. సముద్ర దేవత సెలవు రోజు, ఒక్క పడవా నీళ్ళలో లేదు. రేవు నిండా పడవలు ఒడ్డెక్కి పడుకుని ఉన్నాయి. ఫీఫీ ఖాళీ సముద్రం వైపు చూశాడు.

“అంటే, మంగళవారం నాడు సముద్రం వంక చూసి, సువానోలో జాలర్లే లేరని రాసేశారన్నమాట.”

డాక్టరు తల వంచుకున్నాడు. “అవును బాబాయ్.”

“ఆ నోరు లేకపోబట్టే మా చెల్లికి ఈ రోగం వచ్చిందా?”

“తెలీదు. అవునని కొందరు, కాదని కొందరు రాస్తున్నారు. ఆ నోటి గురించి ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదు. మాత్ర ఆపక్కర్లేదన్నది మాత్రం తెలుసు. మొదటిరోజు నుంచీ ఆపక్కర్లేదు.”

ఫీఫీ అతన్ని కొట్టలేదు. తిట్టలేదు. అరిచి గొడవ చేస్తే బాగుండునని అంపియాయే అనుకుని ఉంటాడు. ఫీఫీ వల మడిచి, “చెప్పడానికి వచ్చావు. రాని వాళ్ళు కూడా ఉంటారు” అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువే తగిలింది.

పసుపు మాత్ర మళ్ళీ వచ్చింది, ఈసారి నిండు మోతాదులో. ఎసాబా దాన్ని అరచేతిలో పెట్టుకుని, “ఏమ్మా, తీరుబడి అయిందా?” అని పలకరించి మింగింది. కీళ్ళు తగ్గాయి. మొహం మీద పిట్ట నిజంగానే ఎగిరిపోయింది. మూత్రపిండాలు మాత్రం అప్పటికే ఎండిన బీరకాయల్లా అయిపోయాయి. కూలిన గోడని మాత్ర లేపదు గదా! నెత్తురు కడిగే యంత్రం నగరంలో ఉంది. వారానికి ఎన్నిసార్లు వెళ్ళాలో, ఎన్నేళ్ళు వెళ్ళాలో అంపియా చెప్పడం మొదలుపెట్టాడు. ఎసాబా చెయ్యెత్తి ఆపింది. “మాకు సంతకి వెళ్ళడానికే లారీ దొరకదు. వేరే మాట చెప్పండి” అంది. ఆ తరువాత కూడా అంపియా వస్తూనే ఉండేవాడు. నాడి చూసేవాడు, ఊరికే కూచునేవాడు, పోయేవాడు.

నోట్లో ఏది పెట్టుకున్నా ఇనప మేకు నాకినట్టు ఉందనేది ఎసాబా. ఒళ్ళంతా దురద. పొయ్యిలు మాన్సా చూసుకుంటోంది. చూసుకుంటూ, “త్వరగా లేవకపోతే నీ గిరాకీ అంతా నాదే” అని బెదిరిస్తూ ఉండేది. ఎసాబా లేవదని ఇద్దరికీ తెలుసు.

ఒక మంగళవారం పొద్దున ఫీఫీ అలవాటు ప్రకారం మంచం పట్టె మీద వేళ్ళు ఆనించాడు. ఎసాబా అతని చెయ్యి పట్టుకుంది.

“ఇన్నాళ్ళూ పిలుస్తూనే ఉన్నావన్నా.”

“ఆటకేగా!”

“ఆటకే. కానీ ఒక్కసారైనా పంపావా?”

ఫీఫీ పట్టె మీది నునుపు వైపు చూశాడు.

“పిలిచినవాడే పంపాలని నువ్వేగా ఊరంతా చెప్తావు. ఇంట్లో మాత్రం తాత ఎజిర్‌వి అయిపోయావు. అలసిపోయానన్నా. నా ఒంట్లో ఉన్న వీళ్ళని ఇళ్ళకి పొమ్మను. వేళ్ళతో కాదు, డోలు మీద.”

పిలుపు లేకుండా సాగనంపు దరువు వెయ్యడం సువానోలో పెద్ద తప్పు. పని చెప్పకుండానే పని అయిపోయిందంటే, బతుకే అయిపోయిందని అర్థం. ఫీఫీ డోలు బయటికి తీయడం చూసి దండు పెద్ద క్వాంసా కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

“ఒరే, మతి పోయిందా? నిప్పు లేదు, దొంగ లేడు. ఎవర్ని పంపుతావు?”

“పిలిచినవాళ్ళని.”

“ఎప్పుడు పిలిచావు? నాకు వినపడలేదే!”

“నీకు కాదు పెదనాన్నా. ఏడాది పైనుంచి పిలుస్తున్నాను, మా ఇంట్లో.”

క్వాంసా ఆ మాటకి గుమ్మం లోపలికి చూశాడు. మంచం మీద ఎసాబా కనపడింది. ఆమె తండ్రి తన పక్కన నిలబడి తెడ్డు పట్టినవాడు. ముసలాయన కర్ర దించాడు. “పొట్టేలు దండుగ తప్పదు. వెయ్యి” అని ముఖం తిప్పుకున్నాడు.

ఫీఫీ వేశాడు. ముందు నెమ్మదిగా, తరువాత ఇంకా నెమ్మదిగా. సాగనంపు దరువు అలాగే సాగుతుంది, ఆటుకి వెనక్కి తగ్గుతున్న సముద్రంలా. అతని జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. రేవులో వలలు కుట్టేవాళ్ళు తలలెత్తారు. ఎవరు పిలిచారో, ఎవరు పంపుతున్నారో వాళ్ళకి తెలియదు. అయినా సూదులు గుచ్చి, వలలు మడిచి, ఒక్కొక్కరే లేచి ఇళ్ళ దారి పట్టారు. పేకాటవాళ్ళు ముక్కలు బోర్లించి వెళ్ళారు. చివరికి ఇసక మీద పడవలు తప్ప మనిషి మిగలలేదు. కొబ్బరిచెట్ల కింద కుక్క కూడా లేచి పోయిందని ఫీఫీ తరువాత చెప్పేవాడు. ఆ కుక్కనైతే మనం నమ్మనక్కర్లేదు.

అతను చెమటతో లోపలికి వచ్చాడు.

“వెళ్ళారే. రేవంతా ఖాళీ. కావాలంటే తలుపు తీసి చూడు.”

ఎసాబా చెయ్యి చాపి, తన పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. ఇద్దరూ దానివంక చూస్తూ కూచున్నారు. అది నిండలేదు.

“బాగా వాయించావు” అంది. ఆ గుంట చూపిస్తూ, “ఇక్కడ ఒక్కడూ కదల్లేదన్నా” అంది.

దండుగ పొట్టేలుని ఎసాబా కర్మ రోజునే కోశారు, రెండు పనులూ కలిసొచ్చాయని. మాన్సా వండింది. ఫీఫీ తినలేదు. పీత కథా, సొరచేప కథా ఎవరడిగినా చెప్పేవాడు. తాత ఎజిర్ కథ మాత్రం అడిగితే, వల మీద వంగి, సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండిపోయేవాడు.